ఏటీవీ సందేహాలు: గెడ్డ నీళ్ళూ, ఎర్రధూళీ, మొండికేసిన ఇంజనూ

ఏటీవీ అంటే కొండబాటలెక్కే, లావు టైర్ల నాలుగు చక్రాల బండి. ఈసారి ఉత్తరాలన్నీ సరిహద్దు అవతలివే, ఒడిశావి. రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం జిల్లాల మనవాళ్ళు రాసినవి. సగం మంది "ఇంజను పోయింది" అనే మొదలుపెట్టారు. చదివి చూస్తే నిజంగా పోయింది ఒకటి రెండు బళ్ళకే. మిగతా వాటిలో గాలో, పెట్రోలో, నీళ్ళో చేరకూడని చోట చేరాయంతే. అందుకే ఖర్చులేని పరీక్ష ముందు చెబుతున్నాం, ఇంజను విప్పడం ఆఖర్న.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్న 110 సీసీ బండి. వానాకాలం నాలుగు నెలలూ టార్పాలిన్ కప్పి ఉంచేశాను. ఇప్పుడు సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్టవట్లేదు. చోక్ వేస్తే రెండు సెకన్లు ఆడి ఆరిపోతోంది. మెకానిక్ కార్బురేటర్ మార్చెయ్యాలంటున్నాడు. ఏటి చెయ్యమంటారు? (రాయగడ)

మార్చకండి. చోక్ వేస్తే అంటుకుంటోందంటే ప్లగ్గుకి కరెంటు వస్తోంది, కంప్రెషనూ ఉంది. అందనిది పెట్రోలే. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్‌లో, రేస్ ఇవ్వనప్పుడు పెట్రోల్ వదిలే సన్న రంధ్రం ముక్క, అదే స్లో జెట్టు, పూడుకుపోయింది.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ హద్దు దాటాక ఇథనాలూ నీళ్ళూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్ మెల్లగా ఆవిరై, వార్నిష్‌లాంటి జిగురుని వదిలిపోతుంది. స్లో జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి మూసుకుపోయేది ముందు అదే.

పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ ఆపే మీట) కట్టెయ్యండి. గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ కింద గాజు సీసా పట్టి, స్క్రూ వదులు చెయ్యండి. సీసాని వెలుతురుకి ఎత్తి చూడండి. అడుగున పాదరసం పూసల్లా దొర్లుతుంటే అవి నీళ్ళు. రంగు ముదిరి, పుల్లటి వాసన కొడితే పెట్రోల్ చెడింది. అప్పుడు ట్యాంకు కూడా ఖాళీ చెయ్యాల్సిందే. చెడిన పెట్రోల్ ట్యాంకులో ఉంచి కార్బురేటర్ ఒక్కటే కడిగితే వారం తిరక్కుండా మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తారు.

తర్వాత గిన్నె విప్పండి. మధ్యలో పొడుగ్గా కనిపించే ఇత్తడి ముక్క మెయిన్ జెట్టు, ఫుల్ రేస్‌లో పెట్రోల్ పోసేది అదే. పక్కన గుంటలో దాక్కున్నది స్లో జెట్టు. దాని గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, ఇత్తడి మెత్తన, గాడి చెదిరిందంటే ఇక బయటికి రాదు. తీశాక ఆకాశం వైపు పెట్టి కంటితో చూడండి. గుండ్రంగా చుక్కంత వెలుగు కనబడాలి. కనబడకపోతే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి, కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు మాత్రం దూర్చండి. సూదీ, పిన్నీసూ వద్దు. రంధ్రం పెద్దదైతే జెట్టు పారెయ్యడమే.

గాలి పాలు సర్దే ఎయిర్ స్క్రూ తీసేముందు మెల్లగా చివరికంటా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. మళ్ళీ అన్నే చుట్లు వదులు చెయ్యాలి. లెక్క తప్పితే ఒకటిన్నర నుంచి రెండు చుట్ల మధ్య పెట్టి, ఇంజను వేడెక్కాక సరిచూసుకోండి. అన్నీ బిగించి కొత్త పెట్రోల్ లీటరు పొయ్యండి. పనిలో పనిగా ప్లగ్గు తీసి గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. ఉందేమో చూడండి.

మళ్ళీ నెలల తరబడి ఆపేటప్పుడు కాక్ కట్టేసి, దానంతటది ఆగిపోయేదాకా ఇంజను ఆడనివ్వండి. గిన్నె ఎండిపోతుంది.

ప్రశ్న: విజయనగరం వైపు మైదానంలో బ్రహ్మాండంగా నడిచిన బండి, సాలూరు ఘాట్ ఎక్కి ఇటు తెచ్చాక ఫుల్ రేస్ ఇస్తే ఉక్కిరిబిక్కిరి అవుతోంది. సైలెన్సర్లో నల్ల పొగ. దేవమాలి వైపు మరీ ఎక్కువ. (కోరాపుట్)

కోరాపుట్ ఊరే సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సాంద్రత పది శాతం దాకా పడిపోతుంది. కార్బురేటర్‌కి ఆ సంగతి తెలియదు, కిందిలాగే పెట్రోల్ పోస్తుంది. గాలి తక్కువై, పెట్రోల్ ఎక్కువై నల్ల పొగ వస్తుంది.

అయితే ఘాట్ దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు కూడా అచ్చం ఇదే రోగం చూపిస్తుంది. సగంలో ఇరుక్కున్న చోక్ లివరూ అంతే. ముందు ఆ రెండూ చూడండి. బాగున్నాయంటే మెయిన్ జెట్టు ఒక సైజు తగ్గించండి. జెట్టు మీద అంకె చెక్కి ఉంటుంది. 95 ఉంటే 92 గానీ 90 గానీ. వేసి, ఖాళీ దారిలో కాసేపు ఫుల్ రేస్‌లో పోనిచ్చి, అదే ఊపులో స్విచ్చు కట్టేసి బండి ఆపండి. ఐడిలింగ్‌కి (రేస్ ఇవ్వకుండా ఇంజను ఆడే స్థితికి) రానిచ్చి ఆపితే ప్లగ్గు అబద్ధం చెబుతుంది. ప్లగ్గు చల్లారాక తీసి చూస్తే మొన పింగాణీ లేత గోధుమ రంగులో ఉండాలి. మసి నలుపైతే ఇంకా పెట్రోల్ ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ.

బండి కొండమీదే ఉండేట్టయితేనే ఈ జెట్టు మార్పు. పండగకి నాలుగు రోజులు తెచ్చుకునేవాళ్ళకి అనవసరం. చిన్న జెట్టుతో మళ్ళీ మైదానానికి దించి ఎండలో రేస్ ఇస్తే పెట్రోల్ చాలక పిస్టన్ కాలిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళకి ఈ బెడద లేదు, సెన్సరు గాలి ఒత్తిడి చూసుకుని తనే సర్దుకుంటుంది. పది పదిహేను శాతం బలం తగ్గడం మాత్రం వాటికీ తప్పదు.

ప్రశ్న: గెడ్డ (కొండవాగు) దాటుతుంటే నీళ్ళు సీటు దాకా వచ్చి ఇంజను ఆగిపోయింది. గట్టుకి లాగి సెల్ఫ్ నొక్కితే 'టక్' మని ఒక చప్పుడు చేసి బిగుసుకుపోయింది. (గుణుపురం)

ఆ సెల్ఫ్ మరి ముట్టుకోకండి. గాలి నలుగుతుంది గానీ నీళ్ళు నలగవు. పిస్టన్ పైన నీళ్ళుండగా సెల్ఫ్ బలంతో తోస్తే, వంగేది పిస్టన్‌ని కింది క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు.

ఇగ్నిషన్ కట్టెయ్యండి. ఎయిర్ బాక్స్ అడుగు గొట్టం బిరడా తీస్తే లోపలి నీళ్ళు కారతాయి. ఫిల్టరు తీసి పిండండి. తర్వాత ప్లగ్గు తీసి, ఫ్లైవీల్ నట్టుకి స్పానరు పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. సాఫీగా తిరిగితే గండం గడిచినట్టే. ఎక్కడైనా ఒకే చోట తగిలి ఆగుతుంటే అక్కడికి ఆపి బండిని వర్క్‌షాపుకి ఎక్కించండి, మిగతా పనంతా దండగ.

సాఫీగా తిరిగిందనుకుందాం. ప్లగ్గుని క్యాప్‌కి తగిలించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించి ఉంచండి, లేకపోతే సీడీఐ (ప్లగ్గుకి స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) దెబ్బతింటుంది. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి, మూడు నాలుగు సెకన్ల చొప్పున సెల్ఫ్ నొక్కండి. రంధ్రంలోంచి నీళ్ళు పిచికారీలా ఎగదన్నుతాయి, మొహం అడ్డం పెట్టకండి. తుంపర ఆగేదాకా చేసి, టీ స్పూను ఇంజనాయిల్ రంధ్రంలో వేసి మరోసారి తిప్పండి. కార్బురేటర్ గిన్నె కూడా ఖాళీ చెయ్యండి.

ఇప్పుడు అసలు పరీక్ష, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల). ఆయిల్ పాలు పోసిన టీలా ఉంటే లోపలికి నీళ్ళు దిగాయి. ఆ ఆయిల్‌తో స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి. దించేసి తక్కువ ధర ఆయిల్ పొయ్యండి. 110 సీసీకి 0.8 నుంచి 0.9 లీటరు పడుతుంది. అయిదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఆడించి, వేడి మీదే దించండి. ఇంకా తెల్లగా ఉంటే మళ్ళీ. మామూలుగా రెండు మూడు సార్లకి శుభ్రపడుతుంది. ఆ తర్వాతే మంచి ఆయిల్, 10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్చుకి సరిపడే రకమని గుర్తు) అని ఉన్నది. కారు ఆయిల్ పోస్తే ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్చు ప్లేట్లు జారతాయి.

బెల్టు బండి అయితే సీవీటీ (గేర్ల బదులు బెల్టుతో నడిపే పెట్టె) కవర్ అడుగున డ్రెయిన్ బిరడా ఉంటుంది. అది తీసి, న్యూట్రల్‌లో రేస్ ఇస్తే తిరుగుడుకి నీళ్ళు బయటికి చిమ్ముతాయి. తడి బెల్టుతో గేర్లో పోతే జారి కాలుతుంది.

స్టార్టయి కూడా లోపల దబదబ మంటూ, ముందున్న లాగుడు లేకపోతే రాడ్డు కొంచెం వంగిందనే అనుమానించండి. అలా నడిపితే ఏదో ఒకరోజు క్రాంక్ కేసు పగిలి రాడ్డు బయటికొస్తుంది.

దాటడం గురించి ఒక్క మాట. వంశధారలోకి దిగే గెడ్డలు పైన కొండలో వాన పడితే మీ నెత్తిన చినుకు లేకపోయినా పొంగుతాయి. ముందు కర్ర పట్టుకుని నడిచి చూడండి. చక్రం ఇరుసు మునిగే లోతుంటే దిగకండి. ఏటీవీ టైర్లు బెలూన్లే కదా, లోతు నీళ్ళలో బండి తేలి, ప్రవాహం ఎటు తోస్తే అటు పోతుంది.

ప్రశ్న: జీడితోట పనికి వాడే బండి. ఎండాకాలం అయ్యేసరికి లాగుడు తగ్గింది, నీలం పొగ, వారానికి పావు లీటరు ఆయిల్ తాగుతోంది. ఫిల్టరు వారం వారం గాలి కొట్టించి శుభ్రం చేస్తూనే ఉన్నాను. (పర్లాకిమిడి)

ఆ గాలి కొట్టించడమే కొంప ముంచింది. కంప్రెసర్ గాలికి ఫోమ్ చిరుగుతుంది, కాగితం ఫిల్టరైతే కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఫిల్టరు తీసి, దాని వెనక కార్బురేటర్‌కి పోయే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి ఎర్ర ధూళి అంటితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ ధూళే ఆయిల్‌తో కలిసి గరుకు పేస్టయి పిస్టన్ రింగుల్నీ, పిస్టన్ ఆడే బోరునీ అరగదీసింది.

ఎంత అరిగిందో తెలియాలంటే కంప్రెషన్ గేజ్ పెట్టి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి రీడింగు తీయండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలో టీ స్పూను ఆయిల్ వేసి మళ్ళీ తీయండి. రీడింగు పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. (పెద్ద బళ్ళలో స్టార్టు తేలికవ్వడానికి ఒత్తిడి కొంత వదిలేసే ఆటో డీకంప్రెసర్ వల్ల రీడింగు తక్కువగానే కనిపిస్తుంది, కంగారుపడి హెడ్ విప్పించకండి.) మీ లక్షణాలకి రింగులే కావచ్చు. బోరు కొలిపించండి. గీతలు పడితే బోరు చేయించి 0.25 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్, అదీ చాలకపోతే 0.50.

కొత్త పిస్టన్ వేశాక పాత అలవాటు మానుకోవాలి. ఫోమ్ ఫిల్టరుని కిరసనాయిలులో పిండి, తర్వాత సబ్బు నీళ్ళలో ఉతికి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి గట్టిగా పిండెయ్యండి. చేతికి జిగురు తగలాలి, ఆయిల్ కారకూడదు. పెట్రోల్‌తో కడిగితే అతుకు జిగురు ఊడిపోతుంది, నిప్పు భయం సరే సరి. ఫిల్టరు అంచూ ఎయిర్ బాక్సూ ఆనే చోట సన్నగా గ్రీజు రాయండి. మార్చి నుంచి జూన్ దాకా తోటలో రోజూ తిరిగే బండికి వారానికోసారి ఈ పని తప్పదు. ముందు ట్రాక్టరు పోతుంటే దాని దుమ్ములో దూరకుండా ఓ ముప్ఫై మీటర్లు వెనకే ఉండండి.

ప్రశ్న: పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క దెబ్బకి స్టార్టవుతుంది. గంట తిరిగి ఆపితే మళ్ళీ చల్లారేదాకా కదలదు. 125 సీసీ. (మునిగుడ)

ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య ఖాళీ) మూసుకుపోయింది. వాడకంలో వాల్వు మెల్లగా సీటులోకి దిగుతుంది, గ్యాప్ తగ్గుతుంది. వేడికి వాల్వు కాడ సాగేసరికి పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ లీకవుతుంది. ట్యాపెట్లు చప్పుడు చేస్తే అందరూ భయపడతారు గానీ, చప్పుడు చెయ్యని ట్యాపెట్టే ప్రమాదం.

రాత్రంతా చల్లారిన ఇంజను మీదే చెయ్యండి. ఎడమ కవర్ కిటికీ బిరడాలు తీసి, ఫ్లైవీల్ తిప్పుతూ దానిమీద ఇంగ్లీషు 'టీ' గుర్తు గాడికి ఎదురుగా తెండి. ఆ స్థితిలో రెండు రాకర్లూ వేలికి కొంచెం ఆడాలి. ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు. ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి రెండు వాల్వులకీ 0.05 మి.మీ. గ్యాప్. మీ మాన్యువల్ అంకె వేరే ఉంటే అదే వేదం. ఫీలర్ గేజ్ రేకు కొద్దిగా పట్టి పట్టి జారాలి. లాక్‌నట్టు బిగించేటప్పుడు అడ్జస్టర్ కూడా కాస్త తిరుగుతుంది, బిగించాక మరోసారి కొలవండి.

గ్యాప్ సరిగ్గానే ఉంటే ప్లగ్గుకి స్పార్క్ అందించే పికప్ కాయిల్, ఇగ్నిషన్ కాయిల్ చూడాలి. మొండికేసిన వేడిలోనే ప్లగ్గు స్పార్క్ చూడండి. ఇంటికి తెచ్చేసరికి చల్లారితే ఏమీ దొరకదు.

ప్రశ్న: కాఫీ తోటలో బస్తాలు మోస్తూ నిటారు బాటలో మెల్లగా ఎక్కుతుంటే టెంపరేచర్ లైటు వెలుగుతోంది, రబ్బరు కాలిన వాసన వస్తోంది. 400 సీసీ. (పొట్టంగి)

రెండు వేరు జబ్బులు. వాసన బెల్టుది. బరువుతో మెల్లగా ఎక్కేటప్పుడు హై రేంజిలో పోతే బెల్టు జారి కాలుతుంది. బండి పూర్తిగా ఆపి లో రేంజిలో వేసుకోండి. తక్కువ ఖర్చు వైద్యం ఇంతకంటే లేదు.

లైటు సంగతి రేడియేటర్. ముందునుంచి శుభ్రంగా కనిపించినా రెక్కల మధ్య ఎండిన బురద ఉంటుంది. వెనకనుంచి ముందుకి, మామూలు గొట్టం నీళ్ళతో కడగండి. ప్రెషర్ వాషర్ కొడితే రెక్కలు పడుకుంటాయి. తర్వాత ఇంజను వేడెక్కనిచ్చి ఫ్యాను తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఆపైన ఫ్యానుకి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడడం. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం. వేడి మీద మూత తిప్పకండి, మొహం కాలుతుంది.

ప్రశ్న: బంకులో 30 పీఎస్‌ఐ కొట్టించాను, బండి కప్పలా గెంతుతోంది. గోపాలపూర్ ఇసుకలో నడపొచ్చా? (బరంపురం)

ఏటీవీ టైరుకి నాలుగు నుంచి ఏడు పీఎస్‌ఐ. మీ అంకె మడ్‌గార్డు స్టిక్కరు మీద ఉంటుంది. బంకు గేజ్ అంత తక్కువ చూపించలేదు, 15 పీఎస్‌ఐ దాకా మాత్రమే కొలిచే చిన్న గేజ్ కొనుక్కోండి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. వెనక రెండు చక్రాల మధ్య తేడా ఉంటే బండి ఒకవైపు లాగుతుంది.

తీరం ఇసుక జోలికి మాత్రం పోకండి. గంజాం తీరంలోనే రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పైగా రిజిస్ట్రేషన్ లేని ఏటీవీని ఊళ్ళో రోడ్డు మీద నడపడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. పికప్ వ్యానులో ఎక్కించి సొంత స్థలానికో, అనుమతి ఉన్న బాటకో తీసుకెళ్ళడమే.

ప్రశ్న: మా వారికీ, మా 14 ఏళ్ళ బాబుకీ చలికాలం వచ్చిందంటే కొండబాటల పిచ్చి. పోయిన వారం ఎక్కుతుండగా ఇంజను ఆగి బండి వెనక్కి దొర్లబోయింది. ఏం జాగ్రత్తలు చెప్పాలండీ? (సెమిలిగుడ)

ముందు బాబు సంగతమ్మా. పదహారేళ్ళు నిండనివాళ్ళకి పెద్దవాళ్ళ కోసం చేసిన బండి ఇవ్వకూడదు. ఏటీవీ తిరిగేది హ్యాండిల్‌తో కంటే ఒంటి బరువుతో. ఆ బరువు పిల్లల దగ్గర ఉండదు. ఒకరు కూర్చునే బండి మీద వాడిని వెనక ఎక్కించుకోవడం అంతకంటే చేటు, ఎత్తు ఎక్కేటప్పుడు వెనక బరువే బండిని తిరగేస్తుంది.

ఎక్కేటప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి, ఒళ్ళు ముందుకి వాల్చి, మొదట్లో పట్టుకున్న గేర్లోనే తిన్నగా పోవాలి. మధ్యలో ఆగిందా, ముందు బ్రేకు పట్టాలి. వెనక్కి దొర్లుతుండగా వెనక బ్రేకు ఒక్కసారిగా తొక్కితే ముందు చక్రాలు లేచి బండి మీద పడుతుంది. ముందు బ్రేకుతో నిలిపాక వెనకది కూడా పట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, ఎగువ వైపుకి దిగాలి. దిగువ వైపు కాలు పెట్టకూడదు. బండి మీదే కూర్చుని వాలులో తిప్పే ప్రయత్నం అసలే వద్దు.

దిగేటప్పుడు ఒళ్ళు వెనక్కి, లో గేరు, ఇంజను పట్టు మీదే. న్యూట్రల్‌లో జారనివ్వకూడదు. అడ్డవాలులో ఒళ్ళు ఎగువ వైపు వాల్చాలి.

మీ వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాటలు బాగుంటాయి. దుమ్ము లేవదు, గెడ్డలు తగ్గి ఉంటాయి. పొద్దున్నే మంచు కమ్మి పది గజాల అవతల మేకల మంద ఉన్నా కనబడదు, మంచు విడిచాకే బయల్దేరమనండి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా దూరితే ఒడిశా అటవీ చట్టం, 1972 కింద కేసవుతుంది. ఊరిబాటలో కళ్ళాలు కనిపిస్తే రేస్ తగ్గించమనండి, ఆరబోసిన చోళ్ళ (రాగుల) మీద దుమ్ము పడితే ఆ ఊరు రెండోసారి దారివ్వదు. ఒక ప్లగ్గు, ప్లగ్ స్పానరు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు, చేతి పంపు, బండిని లాగేందుకు ఆరు మీటర్ల తాడు, రెండు లీటర్ల మంచినీళ్ళు సీటు కింద, క్యారియర్ మీద పట్టేస్తాయి. హెల్మెట్ మాత్రం క్యారియర్ మీద కాదు, తలమీద.